పసుపులో దాగిన రెండు ఎరుపులు

మా చెల్లెలి పిల్లలు ఎండాకాలం సెలవులకు మా ఊరు తలుపులకు వచ్చిన మూడో రోజు సంగతి. మధ్యాహ్నం పప్పన్నం తింటూ చిన్నోడు తెల్ల చొక్కా మీద ఇంత ముద్ద జార్చుకున్నాడు. వాళ్ళమ్మ చూస్తే వీపు మోగుతుందని, ఎవరికీ చెప్పకుండా పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి పోయి, మరకకు సబ్బు పట్టించి బరబరా రుద్దాడు. పచ్చగా ఉన్న మరక కాస్తా ఎర్రగా తిరిగింది. "పెద్దమ్మా, రగతం!" అని వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

వాడి అక్క నాలుగో తరగతి. అన్నీ తెలిసిన మనిషి. వంగి చూసి, "రగతం కాదురా, కుంకుమ" అని తేల్చేసింది. లోపలినుంచి మా అమ్మ, అంటే పిల్లలకు అవ్వ, నవ్వుతూ వచ్చింది. "సబ్బు పోయేదాకా నీళ్ళు పోసి జాడించు. మళ్ళా పసుపే అవుతుంది" అంది. జాడిస్తే నిజంగానే అయింది. చిన్నోడు మళ్ళీ సబ్బు రుద్దాడు. మళ్ళీ ఎరుపు. మళ్ళీ నీళ్ళు. నాలుగోసారికి చొక్కా సంగతి మరిచిపోయి ఆటలో పడ్డాడు.

"ఎందుకట్లయితాది అవ్వా?"

"సున్నం, సబ్బు, సోడా... ఇట్లాంటివి తగిలితే పసుపు సిగ్గుపడతాదిలే."

అవ్వకు ఇందులో వింతేమీ లేదు. కొత్త కోడలు గడప తొక్కినా, బాలింత బిడ్డతో పుట్టింటినుంచి వచ్చినా, పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి చిటికెడు సున్నం కలిపి ఎర్రనీళ్ళు దిగదుడుస్తారు. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణిదీ అదే పని. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపని మొదట చూసిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఏ వంటింట్లోనో, ఏ తమలపాకుల పళ్ళెం పక్కనో జరిగి ఉంటుంది. అదేమిటో, వంటింట్లో కనిపెట్టినవాటికి పేరు మిగలదు.

మరుసటి రోజు ఉదయం కాఫీలు కాగానే పని మొదలుపెట్టాం. పసుపు పూసిన కాగితం మీద సున్నపు తేటతో ముగ్గులు వేయాలని మా పథకం. గిన్నెడు నీళ్ళలో రెండు చెంచాల పసుపు కలిపి, డ్రాయింగ్ కాగితాలు ముంచి తీశాం. ఘోరంగా వచ్చింది. పసుపు నీళ్ళలో కరగలేదు, కింద మడ్డిలా పేరుకుంది. కాగితం మీద ఒకచోట గడ్డలు, ఇంకోచోట బోడి తెలుపు. పాప మూతి ముడుచుకుంది. ఆ పసుపు గిన్నె ముందు కూర్చుని వాళ్ళకు నేను చెప్పిన కథే ఇది. మాకు అడ్డుపడిన మడ్డే ఈ కథలో పెద్ద పెద్దవాళ్ళకూ అడ్డుపడింది.

రంగు మారడాన్ని వేడుకగా కాక ప్రశ్నగా చూసినవాళ్ళలో ముందు వరుసలో నిలిచేవాడు రాబర్ట్ బాయిల్. ఐర్లండులో 1627లో పుట్టిన జమీందారీ బిడ్డ. ఆయన గురించి ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ప్రయోగశాలలో పెట్టుకున్న ఊదారంగు వయొలెట్ పూల మీద ఆమ్లం పొగ పడిందట, కడుగుదామని నీళ్ళలో పెడితే అవి ఎర్రబడ్డాయట. కథ అందంగానే ఉంది గానీ, చెప్పేవాళ్ళు తలా ఒక తీరుగా చెబుతారు కాబట్టి నాకు దానిమీద పెద్ద గురి లేదు. ఆయన 1664లో రంగుల మీద అచ్చువేసిన పుస్తకంలో ఉన్నది మాత్రం గట్టి మాట. వయొలెట్ పూల పాకం తీసుకొని తెల్ల కాగితం మీద చుక్క వేయమన్నాడు. దాని మీద వెనిగర్ లాంటి పులుపు పడితే ఎరుపు, కర్రబూడిద నుంచి తీసే క్షారం పడితే పచ్చని ఆకురంగు. పులుపుకు ఎర్రబడుతుందని అప్పటికే కొందరికి తెలుసు. క్షారానికి ఆకుపచ్చ అవుతుందన్నది ఆయన కలిపిన ముక్క.

పెద్ద సీసాలో కాకుండా కాగితం మీద చుక్క ఎందుకు? తెలుపు మీద రంగు మార్పు బాగా కనబడుతుందనీ, కొంచెం సరుకుతోనే పని జరుగుతుందనీ ఆయనే రాశాడు. ఎంత పొదుపరి ఆలోచన! ఈ రోజు బడి ప్రయోగశాలలో పిల్లలు పట్టుకునే లిట్మస్ కాగితానికి ఆ చుక్కే ముత్తవ్వ.

బాయిల్‌కు దొరికిన అసలు విషయం రంగు కాదు, వేరుచేసే తీరు. నాలుకతో రుచి చూడనక్కర్లేదు. ఒక ద్రవం పులుపు జాతిదో సున్నపు జాతిదో ఒక పువ్వును అడిగితే చెబుతుంది. పువ్వులకు మాటలొచ్చాయన్నమాట.

తరవాతి వందేళ్ళలో ఆ పూల సరసన మన పసుపూ చేరింది. స్వీడన్ దేశపు టోర్బెర్న్ బెర్గ్‌మన్ 1770లలో ఊటనీళ్ళను పరీక్షించే పద్ధతులు కూర్చినప్పుడు పసుపుతో రంగువేసిన కాగితం కూడా ఆయన సామానులో ఉంది. పసుపుకు ఒక విచిత్ర గుణం. పులుపు పోస్తే కంటికి ఆనేంత మార్పు ఉండదు, పసుపు పసుపే. క్షారం తగిలితేనే నోరు విప్పుతుంది. ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పే సాక్షి అది. అలాంటి సాక్షి కోర్టులో ఎంత ఉపయోగమో ప్రయోగశాలలోనూ అంతే.

సాక్షి దొరికింది గానీ దాని కడుపులో ఏముందో ఎవరికీ తెలియదు. కొమ్ములో పిండి ఉంది, నార ఉంది, వాసననిచ్చే నూనె ఉంది. రంగు వీటిలో ఎక్కడుంది? 1815లో పారిస్‌లో ఇద్దరు దాని వెంటపడ్డారు, వోగెల్, పెల్తియే. పెల్తియే అంటే అయిదేళ్ళ తరవాత కవెంతూతో కలిసి సింకోనా బెరడులోంచి మలేరియా మందు క్వినైన్ తీసినవాడే. అప్పటికి ఇంకా కుర్రాడు. నీళ్ళతో రంగు రాదని వాళ్ళకు అర్థమైంది. సారాలో నానబెడితే వచ్చింది. వచ్చిన పచ్చని పదార్థానికి పసుపు లాటిన్ పేరు కర్క్యుమా మీదుగా కర్క్యుమిన్ అని పేరు పెట్టారు.

కథ ఇక్కడిదాకా రాగానే మా పాప లేచింది. "అయితే మనం కూడా సారాలో నానబెడదాం!" అవ్వ కళ్ళు పెద్దవి చేసింది. ఇంట్లో సారా ఎక్కడిది? కరోనా నాటి శానిటైజర్ సీసా అలమరలో సగానికి మిగిలి ఉంది, అందులో ఉన్నదీ ఆల్కహాలే. పొయ్యి లేని వసారాలో కూర్చుని, పసుపులో శానిటైజర్ పోసి, బాగా కలిపి, పాత పంచె గుడ్డలో వడకట్టాను. మడ్డి గుడ్డలో ఉండిపోయింది. కింద గిన్నెలోకి దిగింది చూడండి, చామంతిపువ్వును కరగబోసినట్టు, ఇంత నలక కూడా లేని పసుపు! కాగితం ముంచితే అంచునుంచి అంచుదాకా ఒకే రంగు. చిన్నోడి వేళ్ళు మాత్రం వారం రోజులు పచ్చగానే ఉన్నాయి.

సున్నపు పని పెద్దవాళ్ళే చేయాలి, కంట్లో పడితే ప్రమాదం. తాంబూలం సున్నం చిటికెడు గ్లాసుడు నీళ్ళలో కలిపి, అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేట మాత్రం వంచి ఇచ్చాను. అగ్గిపుల్ల కొనకు దూది చుట్టుకొని పాప తొమ్మిది చుక్కల ముగ్గు వేసింది. పుల్ల వెళ్ళిన దారిలో ఎరుపు పరుగెత్తుకుంటూ వచ్చింది. వంటసోడా నీళ్ళతో వేసిన గీత నారింజకు కొంచెం అటుగా, బెరుగ్గా వచ్చింది. సున్నంతో వేసింది గట్టి ఎరుపు. చిన్నోడు నిమ్మచెక్క పట్టుకొని అక్క ముగ్గులో ఒక మూల పిండాడు. పిండిన మేర గీతలు మాయం. ఇంట్లో కాసేపు కురుక్షేత్రం జరిగింది.

ఇదే కాగితం 1833లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక పెద్ద తగాదా తీర్చింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు పని నేర్చుకున్న కుర్రాడు మైకేల్ ఫారడే అప్పటికి పేరున్న శాస్త్రజ్ఞుడు. ఆ రోజుల్లో కరెంటు ఒకటా, చాలా రకాలా అని వాదన నడుస్తోంది. గాజును రుద్దితే పుట్టేది ఒకటి, బ్యాటరీ నుంచి వచ్చేది ఇంకొకటి, ఒక జాతి చేప కొట్టే దెబ్బ మరొకటి. ఇవన్నీ వేరు వేరు అనేవాళ్ళు కొందరు. బ్యాటరీ కరెంటు ఉప్పులను విడగొడుతుంది, ఒక పక్క ఆమ్లం, రెండో పక్క క్షారం పుడతాయి. రుద్దుడు యంత్రంతో పుట్టేది కూడా ఆ పని చేస్తే రెండూ ఒకటేనన్న వాదానికి బలం. కానీ ఆ యంత్రం ఇచ్చే కరెంటు పరిమాణం చాలా తక్కువ. పుట్టే క్షారం కూడా రవ్వంతే. ఆ రవ్వంతను పట్టేదెవరు?

ఫారడే సోడియం సల్ఫేట్ ద్రావణంలో కాగితాలు తడిపాడు. ఆమ్లానికి లిట్మస్ కాగితం, క్షారానికి పసుపు కాగితం. యంత్రం తిప్పుతుంటే పసుపు కాగితం ఎర్రబడింది. ఆయన అక్కడితో ఆగలేదు. ఉప్పు విడిపోవాలంటే లోహపు కొన కాగితాన్ని తాకి తీరాలా అన్నది తరవాతి అనుమానం. సూది మొనలను కాగితాలకు ఎదురుగా పెట్టాడు, తగలకుండా. మధ్యలో ఉన్నది గాలి ఒక్కటే. యంత్రం తిప్పారు. లిట్మస్ ఎర్రబడింది, పసుపూ ఎర్రబడింది. లోహం తాకకుండానే ఉప్పు విడిపోయింది! లోహపు కొనలే ఉప్పును లాగి చీలుస్తాయన్న పాత నమ్మకానికి అది పెద్ద దెబ్బ. మన వాకిట్లో దిష్టి తీసే ఎరుపు అక్కడ సాక్ష్యం చెప్పింది.

ఇంత పని చేయించుకున్నా పసుపు తన గుట్టు మాత్రం విప్పలేదు. 1815లో కర్క్యుమిన్ అని పేరు పెట్టింది శుద్ధమైనది కాదు, జిగురూ నూనే కలిసిన ముద్ద అని తరవాత తేలింది. 1870లో గానీ అది స్ఫటికాలుగా చేతికి రాలేదు. స్ఫటికం వచ్చినా దాని నిర్మాణం ఏమిటి? సూత్రం తేలడానికి మరో పాతికేళ్ళకు పైనే పట్టింది. 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. లెక్క తెలిసింది, అల్లిక తెలియలేదు. ఇల్లు కట్టడానికి పట్టిన ఇటుకలు లెక్కపెట్టినట్టయింది, ఏ గది ఎక్కడుందో తెలియలేదు.

ఆ అల్లిక విప్పింది ముగ్గురు పోలండువాళ్ళు. అప్పటికి పోలండు అనే దేశమే పటంలో లేదు, మూడు రాజ్యాలు పంచుకున్నాయి. స్విట్జర్లండులోని బెర్న్‌లో ఆచార్యుడైన స్తనిస్లావ్ కొస్తనెత్స్కీ, ఆయనతో యనీనా మివోబెంజ్‌కా, విక్తర్ లాంపే. పూలూ వేళ్ళూ ఇచ్చే పసుపు రంగులే కొస్తనెత్స్కీ జీవితం. 1910లో ముగ్గురూ కర్క్యుమిన్ నిర్మాణం ప్రకటించారు. రెండు చివర్లా రెండు ఉంగరాలు, మధ్యన పొడుగాటి వంతెన. అదే ఏడాది కొస్తనెత్స్కీ పోయాడు. వాళ్ళు గీసిన బొమ్మ సరైనదేనని నిరూపించాలంటే పసుపుకొమ్ము ముట్టకుండా, మొదటినుంచి ఆ పదార్థాన్ని తయారుచేసి చూపాలి. 1913లో మిగిలిన ఇద్దరూ అదీ చేశారు.

చొక్కా మీది మరకకు జవాబు ఆ నిర్మాణంలోనే ఉంది. సబ్బులో, సున్నంలో ఉన్న క్షారం ఆ అణువునుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. దాంతో వంతెన పొడుగునా ఎలక్ట్రాన్లు సర్దుకునే తీరు మారి, అది మింగే వెలుగు మారుతుంది, మన కంటికి ఎరుపు కనబడుతుంది. నిమ్మరసం ఆ హైడ్రోజన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. పసుపు మళ్ళీ పసుపవుతుంది. అప్పు తీసుకోవడం, తీర్చడం, అంతే. ఇంకో ముచ్చట, అది ఒక్క పసుపు కూడా కాదు. 1953లో కె. ఆర్. శ్రీనివాసన్ పసుపు రంగును క్రొమటోగ్రఫీ పద్ధతిలో విడదీసి, ఒకే పోలికతో ఉన్న తోబుట్టువులు అందులో ఉన్నాయని చూపించారు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. పిల్లలు ముగ్గులు వేసిన కాగితాలను మిద్దె మీద దండేనికి కట్టి, ఆరాలని వదిలేశాం. అది నా తప్పే. మా వైపు మే నెల ఎండ సంగతి తెలిసి కూడా మరిచాను. సాయంత్రానికి పోయి చూస్తే సగం కాగితాలు వెలవెలబోయాయి. కర్క్యుమిన్‌కు ఎండ పడదు, వెలుగుకు విరిగిపోతుంది. పసుపు మరక పోని చొక్కాను ఎండలో వేయమని ఆడవాళ్ళు చెప్పేది అందుకే. పాప కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పోయేది ముగ్గూ, పోనిది కుంకుమ. పోనిది కావాలంటే కుంకుమ మాదిరి చేసుకోవాల" అంది అవ్వ.

పాప టక్కున పట్టుకుంది. "కుంకుమ కూడా పసుపే కదవ్వా? మరి దాని మీద నిమ్మకాయ పిండితే పసుపు కావాల కదా?"

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. మాకు దగ్గరి పట్నం కదిరి. మల్లెలకూ కుంకుమకూ పేరు పడిన ఊరు, అక్కడి కుంకుమ దక్షిణాది అంతటా పోతుంది. నరసింహస్వామి గుడికి ఎన్నిసార్లు పోయానో, కుంకుమ రాశుల పక్కన ఎన్నిసార్లు నడిచానో! ఈ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. అవ్వను అడిగితే ఇంటి కుంకుమ పద్ధతి చెప్పింది. పసుపుకొమ్ములు పగలగొట్టి, నిమ్మరసంలో పటిక, వెలిగారం కరగబోసి, అందులో ఊరబెట్టి, నీడన ఆరబెట్టి దంచుతారు. సున్నం ఊసే లేదు! పైగా నిండా నిమ్మరసం. సున్నపు ఎరుపును చంపే నిమ్మరసంలోనే ఈ ఎరుపు పుడుతోందన్నమాట.

గుట్టంతా వెలిగారంలో ఉంది. దానిలో ఉండేది బోరాన్. ఆమ్లం ఉన్నచోట, తడి ఆరుతున్నప్పుడు, బోరాన్ పోయి కర్క్యుమిన్ వంతెన నడిమి భాగాన్ని పట్టుకుంటుంది. హైడ్రోజన్ అప్పుబేరం లాంటిది కాదు ఇది, పెళ్ళి లాంటి ముడి. నిమ్మరసానికి విడదు. రసాయనవేత్తలు ఈ ముడినే తిరగేసి వాడుకున్నారు. ఒక ఖనిజంలో బోరాన్ ఉందో లేదో తెలియాలంటే దాని ద్రావణానికి ఆమ్లం చేర్చి, పసుపు కాగితం తడిపి ఆరబెడతారు. ఎర్రబడితే ఉన్నట్టు. అది సున్నపు ఎరుపేమో అని అనుమానం వస్తే క్షారం చుక్క వేస్తారు, బోరాన్ ఎరుపు నీలి నలుపుకు తిరుగుతుంది. యూరప్ ప్రయోగశాలల్లో ఖనిజ పరీక్షగా నిలిచిన పని మన ఇళ్ళలో నుదుటి బొట్టుగా నిలిచింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండూ నడిచాయి. అంగట్లో దొరికే కుంకుమంతా ఇలా చేసిందే అనుకోనక్కర్లేదు, ఫ్యాక్టరీ రంగు కలిపిందీ ఉంటుంది.

మరునాడు పూజాసామాన్ల అంగడినుంచి వెలిగారం పొట్లం తెచ్చాను. అది పిల్లల చేతికి, నోటికి అందకూడదు కాబట్టి నేనే కలిపాను. మిగిలిన పసుపు కాగితాల మీద వెలిగారం నీళ్ళు రాస్తే వెంటనే ఎర్రబడింది. వెలిగారమూ క్షారమే కదా, ఇది పాత ఎరుపే. పైన నిమ్మరసం రాశాను. ఎరుపు పోయి పసుపు వచ్చింది. "అంతేనా!" అని చిన్నోడు నిట్టూర్చాడు. నాకూ ఉత్సాహం పోయింది. ఏదో కొలత తప్పిందనుకొని కాగితాలను వసారా కిటికీలో, ఎండ తగలని వైపు పెట్టేసి అన్నాలకు లేచాం. ఉగ్గాని తిని, బజ్జీల కోసం కొట్లాడుకొని, ఒక కునుకు తీశారు పిల్లలు.

నాలుగింటికి పాప అరుపుతో లేచాను. కిటికీలో కాగితం ఆరిపోయింది. అంచుల్లో మొదలై నడిమికి పాకుతూ, రాగిచెంబు రంగునుంచి కుంకుమరంగు దాకా ఎక్కింది. ఎవరూ ముట్టలేదు, ఏమీ పోయలేదు. ఆరడం ఒక్కటే జరిగింది.

చిన్నోడు మాట్లాడకుండా వంటింట్లోకి పోయి సగం నిమ్మచెక్క తెచ్చాడు. కాగితం మీద పిండి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. ఎరుపు కదల్లేదు. ఇంకాసేపు చూశాడు. లేచి రెండో చెక్క కోసం లోపలికి పరుగెత్తాడు.